భుజం మీద మచ్చ

ఆ ఆఫీసులో ఒక జంతువు బతకాలన్నా చావాలన్నా అయిదు చొక్కా గుండీలు తేల్చాలి. తెల్ల గుండీ పడితే బతికినట్టు, నల్ల గుండీ పడితే అలమరలోకి పోయినట్టు. వింత జంతువుల్ని వెతికి పట్టుకుని, పెంచి, పోటీలకు దింపే వీడియో గేమ్ వాళ్లది. ఇప్పటికి ఆరు భాగాలొచ్చాయి, ఏడోది తయారవుతోంది. ఒక్కో భాగానికి అరవై కొత్త జంతువులు కావాలి. అరవై కోసం నాలుగు వందల బొమ్మలు వచ్చి పడతాయి. వాటిలోంచి ఏరే పని అయిదుగురిది.

గుండీలు రాతక్క ఇంటినుంచి వచ్చాయి. ఆమె భర్త దర్జీ. రాతక్క అనేది ఆఫీసు పెట్టిన పేరు. అయిదుగురిలో ఆఖరి కుర్చీ ఆమెది, ఆఖరి గుండీ వేసినవాళ్లే కారణం రాయాలన్నది ఆ గది నియమం. పదకొండేళ్లుగా కారణాలు రాసి రాసి, ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

సోమవారం పొద్దున్న గది తలుపు దగ్గర పెద్దన్న ఆగి ఆమె కోసం చూస్తున్నాడు. న్యాయనిర్ణేతలకు పెద్ద ఆయన. ఆ గేమ్ మొదటి భాగంలో జంతువులు సగం ఆయన గీసినవే. ఇరవై రెండేళ్ల కిందట ఈమెకు పెన్సిల్ పట్టుకోవడం నేర్పినవాడు కూడా ఆయనే.

"ఇవాళ కాస్త గట్టిగా ఉండు తల్లీ. మెత్తబడితే అరవై కాస్తా నూటయాభై అవుతాయి" అన్నాడు.

"నేనెప్పుడు మెత్తబడ్డానన్నయ్యా? బయట నన్ను చూస్తే బొమ్మలవాళ్లు పక్క సందులోకి తిరిగిపోతున్నారు."

ఆయన నవ్వి ఆమె భుజం తట్టి లోపలికి నడిచాడు.

బొమ్మలన్నీ కాగితం మీదే రావాలి. గీసినవాళ్ల పేరుండదు, నంబరు మాత్రమే. న్యాయనిర్ణేతలు కూడా అలాగే పంపొచ్చు. పేర్లు మూసిన కవర్లలో ఉంటాయి, ఆ కవర్లు చూసుకునే ఉద్యోగిని అందరూ కవర్లాయన అంటారు. ముందు జంతువుని ఒట్టి నల్లటి నీడలా చూపిస్తారు. నీడలోనే గుర్తుపట్టగలిగితే తర్వాత గీతల బొమ్మ బల్ల మీదికి వస్తుంది. గీసినవాళ్లు రాసిచ్చిన వివరణ మాత్రం బొమ్మ గెలిచాకే చదువుతారు. మాటలు చూసి మోసపోకూడదని పెద్దన్న పెట్టిన పద్ధతి అది. ఒంటి మీద కారణం లేని గీత ఉండకూడదని ఇంకో పద్ధతి. చుక్క పెడితే, ఆ చుక్క ఎందుకో చెప్పగలగాలి.

ఏడో నంబరు నీడ గోడ మీద పడగానే గదిలో చిన్న కదలిక వచ్చింది. మేక ఒళ్లు, దాని కింద ఇంత పొడవు కాళ్లు. నాలుగు కాళ్లకీ అడ్డంగా మెట్లలాంటి మడతలు. తల కాస్త వంచి, ఎవరైనా ఎక్కుతారేమో అని ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. రాతక్కకి నవ్వొచ్చింది. ముందుకు వంగి ఇంకోసారి చూసింది. అటువంటి బొమ్మ ఏడాదికొకటి వస్తే గొప్ప.

"స్టూలుకి తల అతికించినట్టుంది" అన్నాడు పెద్దన్న.

అమ్మకాలాయన పగలబడి నవ్వాడు. "ఆటబొమ్మలు చేసి అమ్మాలంటే ఈ కాళ్లు పెట్టెలో పట్టవు సార్" అని నల్ల గుండీ ముందుకు తోశాడు. జంతువులకు నడకలు నేర్పే అమ్మాయి ఒప్పుకోలేదు. "నడిపించి చూపిస్తాను సార్, ఆ కాళ్లతో ఎంత బాగా నడుస్తుందో" అని తెల్లది పెట్టింది. ఆట ఆడి పరీక్షించే అతను కూడా తెల్లదే పెట్టాడు. పెద్దన్న నల్లది పెట్టాడు. రెండూ రెండూ. అందరి చూపూ ఆఖరి కుర్చీ మీదికి తిరిగింది.

రాతక్క వేళ్లు తెల్ల గుండీ మీదే ఉన్నాయి. అప్పుడు బల్ల మీద చప్పుడయింది, టక్, టక్. పెద్దన్న పెన్సిల్ వెనక భాగంతో రెండుసార్లు తట్టాడు. గదిలో ఎవరికీ అది ఏమీ కాదు. ఆమెకు తెలుసు. నేర్చుకునే రోజుల్లో ఆయన వెనక నిలబడి పెన్సిల్ తిప్పి అలా రెండుసార్లు తడితే, చెరిపెయ్ అని. అప్పట్లో ఎందుకని అడిగేది కాదు, చెరిపేసేది. చెరిపాక ఎప్పుడూ ఆయన మాటే నిజమయ్యేది.

ఆమె చెయ్యి పక్కకు జరిగి నల్ల గుండీ తీసింది. అది చూసి పెద్దన్న తర్వాతి బొమ్మ తేవడానికి బయటికి వెళ్లాడు. గుండీ ముందుకు తోసే తొందరలో మోచెయ్యి కప్పుకు తగిలి టీ చుక్క ఎగిరి కాగితం మీద పడింది. చేతిరుమాలుతో అద్దింది కానీ, జంతువు ఎడమ భుజం మీద కందిగింజంత గోధుమరంగు మరక ఉండిపోయింది.

"పోయేదానికి మరకైతేనేం" అన్నాడు అమ్మకాలాయన.

రాతక్క మాత్రం అలా అనుకోలేదు. నియమం ప్రకారం చీటీ రాసింది. కాళ్లు మరీ పొడవు, సగానికి తగ్గించాలి. మొహం ఇంకాస్త గుండ్రంగా ఉంటే పిల్లలకు దగ్గరవుతుంది. ఆ చీటీ గీసినవాళ్లకు పోతుంది, కాగితం మాత్రం వెనక్కి పోదు, అలమరలోనే ఉంటుంది. తర్వాత పెద్ద పుస్తకంలో కూడా కారణం ఎక్కించి, కింద ఇంకో వాక్యం రాసింది: "ఏడో నంబరు కాగితంలో ఎడమ భుజం దగ్గర టీ మరక ఉంది. గీసినవారిది కాదు, నా చేతి పొరపాటు." ఆ పుస్తకం తెరిచి చదివిన మనిషి ఆ ఆఫీసులో ఎవరూ లేరు. అయినా రాసింది. అదామె జబ్బు.

బుధవారం చీటీలు పంచారు. మధ్యాహ్నం రాతక్క కింది అంతస్తులో నీళ్లు పట్టుకోవడానికి వెళ్లినప్పుడు, బోర్డుల బాబాయి కిటికీ దగ్గర నిలబడి చీటీ చదువుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు నిచ్చెనలెక్కి దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. ఆ పని పోయాక ఇక్కడ కాంట్రాక్టు మీద చేరాడు. ఒక్కో భాగంలో కనీసం ఒక్క జంతువన్నా గెలవాలి, లేకపోతే కాంట్రాక్టు అంతటితో సరి. ఇంతకుముందు రెండు భాగాల్లోనూ ఒక్కొక్కటి గెలిచి గట్టెక్కాడు. ఈసారి పంపినవి నాలుగు. మూడు పోయాయని ఆయనే చెప్పుకుంటుంటే ఆమె విన్నది. నాలుగోది ఏదో తెలియదు, తెలియకూడదు కూడా.

కానీ ఆయన చేతిలో చీటీ మీద ఆమె అక్షరాలు కనబడ్డాయి. కాళ్లు మరీ పొడవు.

నిచ్చెన. ఆమెకు అప్పుడు తట్టింది, ఆ మడతలు నిచ్చెన మెట్లని.

"కాళ్లు తగ్గించమన్నారమ్మా" అన్నాడు ఆయన, చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ.

"రెండో చూపుకి ఇంకా టైముంది బాబాయ్. మార్చి పంపొచ్చు" అంది ఆమె, ఆయన కళ్లలోకి చూడకుండా.

"చూద్దాంలెండి" అన్నాడు.

పోయిన బొమ్మల్ని సరిదిద్దినా, కొత్తవి పంపినా, చూసేది రెండో చూపులోనే, అదే ఆఖరు. వచ్చే సోమవారం. ఆ నాలుగు రోజులూ రాతక్క మనసు మనసులో లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసి, భర్త "ఉప్పు కూడా గుండీలాంటిదే, ఒక్కసారి వెయ్యి చాలు" అంటే కూడా నవ్వలేదు.

సోమవారం పెద్దన్న రాలేదు. కళ్లు మంటగా ఉన్నాయని, డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని ఫోన్ చేశాడు. నలుగురే కూర్చున్నారు. నలుగురున్నప్పుడు మూడు తెల్లవి పడితే గెలుపు.

పద్నాలుగో బొమ్మ నీడ పడింది. మేక ఒళ్లు, తల వంచిన తీరు అదే. కాళ్లు సగానికి తగ్గాయి. మొహం గుండ్రంగా నిండింది. నడకల అమ్మాయి "అరె, మన మేకే" అంది. గీతల బొమ్మ బల్ల మీదికొచ్చింది. కొత్త కాగితం, శుభ్రమైన సిరా. ఎడమ భుజం మీద, గోధుమరంగులో, కందిగింజంత మచ్చ.

రాతక్క కాగితం దగ్గరికి లాక్కుంది. తర్వాత ఒళ్లంతా తేలికైపోయింది. బాబాయి మార్చి పంపాడు. చెప్పిన మాటా విన్నాడు, తను పడేసిన మరకని కూడా వదలకుండా జంతువుకి అలంకారం చేసేశాడు. పెద్ద మనసు ఆయనది. ఈ సంతోషంలో ఒక చిన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఆరోజు మాట్లాడినట్టు ఆమె పదకొండేళ్లలో ఎప్పుడూ మాట్లాడలేదు. నీడలోనే గుర్తుపట్టొచ్చని, పిల్లలు దీని కోసం ఎంత దూరమైనా వెతుక్కుంటూ వెళ్తారని, చెప్పిందే చెప్పి అమ్మకాలాయన్ని ఊపిరాడనివ్వలేదు. ఆయన విసుగొచ్చి తెల్ల గుండీ పెట్టేశాడు. నాలుగూ తెల్లవే.

కవర్లాయన వివరణ చదివాడు. "భుజం మీది మచ్చ: దీని పిల్ల పుట్టినప్పటినుంచి అక్కడే తల ఆనించి నిద్రపోతుంది. ఆనించి ఆనించి ఆ చోట బొచ్చు రంగు మారింది."

నడకల అమ్మాయికి కళ్లు చెమర్చాయి. కవర్లాయన కవరు చింపి పేరు చదివాడు. పెద్దన్న పేరు.

గదిలో చప్పట్లు కొట్టారు. మూడు భాగాలుగా ఒక్క బొమ్మా గెలవని పెద్దాయన మళ్లీ గెలిచాడని అమ్మకాలాయన లేచి నిలబడి కొట్టాడు. పోయిన తన బొమ్మనే ఇంత బాగా సరిదిద్దడం పెద్దన్నకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఒకరన్నారు. ఏడో నంబరు కవరు తెరిచి చూద్దామన్నవాళ్లు లేరు. రాతక్క చేతులు కూడా కలిశాయి, చప్పుడు మాత్రం రాలేదు. పోయిన కాగితాలు గీసినవాళ్లకు వెనక్కి పోవు. బాబాయి ఆ మరకని చూసే అవకాశమే లేదు. అలమర తాళాలు రెండు, ఒకటి కవర్లాయన దగ్గర, రెండోది పెద్దన్న దగ్గర. ఆమెకు అప్పుడు తట్టిన చిన్న సంగతి అది.

సాయంత్రం పెద్దన్న ఇంటికి వెళ్లింది. కళ్లకేమీ కాలేదు. బల్ల ముందు కూర్చుని పెన్సిళ్లు చెక్కుతున్నాడు, ఎప్పట్లాగే బ్లేడుతో, పొట్టు కింద పడకుండా కాగితంలోకి. ఆమెకు ఆ పని చెయ్యడం నేర్పింది కూడా అలాగే.

"అన్నయ్యా, ఆ మచ్చ ఎందుకు పెట్టారు?"

"వివరణ చదివారు కదా. పిల్ల ఆనుకునే చోటు." ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "బొమ్మ అంతటికీ ప్రాణం అదే. అటువంటిది అనుకుని పెట్టలేం, చేతికి తగలాలి."

"అది నా టీ చుక్క."

బ్లేడు ఆగింది. పెద్దన్న చెక్కుతున్న పెన్సిల్ కింద పెట్టాడు. తప్పు దొరికిన మనిషి మొహంలా లేదది. నమ్ముకున్న వస్తువు నకిలీదని తెలిసిన మనిషి మొహంలా ఉంది.

"మూడు భాగాలు" అన్నాడు. "గీస్తాను, నాకే నచ్చదు. చింపేస్తాను. చెయ్యి ఎండిపోయింది తల్లీ. ఈ భాగంతో మానేస్తాను. పోయేటప్పుడు ఒక్కటి చాలు."

"దానికి బాబాయి పొట్ట కొట్టాలా? గీత చూస్తే గీసింది ఎవరో మీకు తెలియదా? అది ఆయనదని తెలిసే కదా నాచేత నల్లది వేయించారు?"

"నేనెక్కడ వేయించాను? రెండుసార్లు తట్టాను." ఆయన తల ఎత్తాడు. "గుండీ వేసింది నువ్వు. కాళ్లు పొట్టి చెయ్యమన్నదీ నువ్వే, మొహం గుండ్రంగా చెయ్యమన్నదీ నువ్వే. నీ మాట పొల్లుపోకుండా చేశాను. ఇవాళ తెల్లది వేసిందీ నువ్వే."

ఆమె చూపు ఆ పెన్సిల్ మీదికి పోయింది. ఇరవై రెండేళ్లుగా ఆయన చేసిన ఆ చప్పుడుకి ఎన్ని చెరిపేసిందో, వాటిలో ఎన్ని నిజంగా చెరిపేయాల్సినవో ఇప్పుడెలా తెలుస్తుంది? చేతిలో చెయ్యి పెట్టి నేర్పిన మనిషి, అదే చేతిని పట్టుకుని ఇంకొకడి నోటి దగ్గర కూడు లాగించాడు. ఇంతకన్నా తిట్టినా, కొట్టినా బాగుండేదనిపించింది. లేచి వచ్చేస్తుంటే ఆయన "టీ తాగి వెళ్లు" అన్నాడు, అలవాటు కొద్దీ. అన్నాక ఆయనకే తెలిసి తల దించుకున్నాడు.

మంగళవారం పెద్ద పుస్తకం చంకలో పెట్టుకుని డైరెక్టరమ్మ గదికి వెళ్లింది. ఆవిడ టీ మరక వాక్యం రెండుసార్లు చదివింది, ఏడో నంబరు కవరు తెప్పించి పేరు చూసింది.

"కాపీ అని తేలిపోయింది. పెద్దాయన బొమ్మ తీసేద్దాం" అంది తేలిగ్గా. "అంతేగా?"

"బాబాయి బొమ్మ సంగతి మేడమ్?"

"అది మొదటి చూపులోనే పోయింది కదండీ. మూడు నల్ల గుండీలు. కాపీ పోయినంత మాత్రాన అసలుది ఎలా గెలుస్తుంది?" ఆవిడ పుస్తకం మొదటి పేజీ తిప్పి వేలు పెట్టింది. "ఒక్కటే దారి. ఎదుటి మనిషి మాట మీద వేసిన గుండీ చెల్లదు. ఎవరిదన్నా ఒక నల్లది అలా పడిందని ఆ వేసినవాళ్లే రాసివ్వాలి. అప్పుడు రెండూ రెండూ మిగుల్తాయి, మళ్లీ చూపించాలి. రాసిచ్చినవాళ్లు మాత్రం ఇక ఆ గదిలో కూర్చోరు. ఈ నియమం పెట్టింది కూడా మీ పెద్దన్నే."

రాతక్క పుస్తకం మూసుకుని బయటికి వచ్చింది. పదకొండేళ్ల కుర్చీ. పైగా రాసిస్తే ఆఫీసంతా ఏమంటుంది? ఇన్నాళ్లూ ఈవిడ వేసినవన్నీ ఎవరి గుండీలని అడుగుతుంది. ఆ ప్రశ్నకు తన దగ్గరే జవాబు లేదు. కాపీ పట్టుకుంది కదా, అది చాలదా అని కూడా మెట్లు దిగుతూ ఒకసారి అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

కింద బాబాయి కుంచెలు కడిగి, నూనెగుడ్డలో ఒక్కోటీ చుట్టి రేకు పెట్టెలో సర్దుకుంటున్నాడు. పాత బోర్డుల కుంచెలు, పిడులు అరిగి వేళ్ల గుంటలు పడ్డాయి. ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. పెన్సిల్ చప్పుడు, టీ చుక్క, అలమర, అన్నీ. తననీ ఆయననీ ఒకే మనిషి ముంచాడు, ఇద్దరూ కలిసి బాధపడతారనే ఆమె వచ్చింది.

బాబాయి మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చాడు. "కాళ్లు పొట్టివి చేశాడా?"

"చేశారు."

"పిచ్చోడు. వరదొస్తే చిన్న జంతువులన్నీ దాని మీదికెక్కి ప్రాణం కాపాడుకోవాలనే కదా దానికి నిచ్చెనమేక అని పేరు పెట్టింది. వివరణలో రాశాను. పొట్టి కాళ్లతో అదీ మునుగుతుంది, ఎక్కినవీ మునుగుతాయి."

ఆ వివరణ ఎవరూ చదవకుండానే బొమ్మతో పాటు అలమరలోకి పోయింది. రాతక్క తల వంచుకుంది. "అన్నయ్య ఇలా చేస్తాడని కలలో కూడా అనుకోలేదు బాబాయ్. నన్ను మోసం చేశాడు, మిమ్మల్ని మోసం చేశాడు."

ఆయన ఇంకో కుంచె చుట్టి పెట్టెలో పెట్టాడు. మూత వెయ్యలేదు.

"ఆయన దొంగ. కాదన్ను. కానీ ఆయనకి నా మేక నచ్చిందమ్మా. నచ్చింది కాబట్టే ఎత్తుకుపోయాడు." గొంతు పెంచలేదు, ఆమె వైపు చూడలేదు కూడా. "మీకే నచ్చలేదు. చీటీ చూసిన రోజునుంచీ నేను ఏడుస్తున్నది అందుకు. మీ చేతి రాత తప్పదని ఇక్కడ మేమంతా అనుకుంటాం. రాతక్క వద్దందంటే మన పనిలోనే ఏదో ఉందనుకుంటాం. ఆరు రోజులు ఆ కాళ్లు చూసుకుంటూ కూర్చున్నాను, ఎక్కడ తప్పు చేశానా అని."

మోసపోయానని వచ్చిన మనిషికి, మోసం చేసినవాళ్ల వరసలో తన కుర్చీ కూడా ఉందని ఇంత మెల్లగా చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

"నచ్చింది బాబాయ్" అంది ఆమె. "నీడ పడగానే నచ్చింది. వేలు తెల్లదాని మీదే ఉంది."

బాబాయి అప్పుడు ఆమె మొహంలోకి చూశాడు.

"నాకెందుకమ్మా చెబుతారు. చీటీ రాసిన చోట రాయండి."

ఆమె పైకి వెళ్లింది. ఖాళీ గదిలో ఆఖరి కుర్చీ లాక్కుని కూర్చుని పుస్తకం తెరిచింది. టీ మరక వాక్యం కింద నాలుగు వేళ్ల జాగా ఉంది. అక్షరాలు ఎప్పటికన్నా పెద్దవిగా పడ్డాయి: "ఏడో నంబరు జంతువు నాకు మొదటి చూపులోనే నచ్చింది. పెద్దన్న పెన్సిల్ తట్టిన చప్పుడు విని నల్ల గుండీ వేశాను. కాళ్లు తగ్గించాలని నేను రాసిన కారణం, గుండీ వేశాక వెతుక్కున్నది. కాళ్లు పొడవుగానే ఉండాలి. భుజం మీద మచ్చ ఉండకూడదు."

కింద సంతకం పెట్టి, గుండీల డబ్బా మూత బిగించి, పుస్తకం తీసుకెళ్లి కవర్లాయన బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని మెల్లగా చదివాడు. కింద సంతకం దగ్గర ఆగి, దాన్ని పైకీ కిందికీ చూసి, అడిగాడు.

"ఈ పేరు ఎవరిదండీ? మన గదిలో ఈ పేరున్నవాళ్లు ఎవరూ లేరే."

"ఇవాళ్టినుంచి లేరు" అంది ఆమె. "అది నా పేరు."